బీడు పొయ్యి మీద పాలు

గిద్దలూరు,
ఫాల్గుణ మాసం, శుక్రవారం.

పూజ్యులైన నాన్నగారి పాదాలకు మీ రాజ్యం నమస్కరించి రాస్తున్న సంగతులు. నేనిక్కడ ఒంట్లో బాగానే ఉన్నాను. మీరు, అమ్మ, నాయనమ్మ, తమ్ముడు అందరూ అక్కడ కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను. అమ్మ మోకాలి వాపు తగ్గిందా? మేడమెట్లు ఎక్కవద్దని చెప్పండి. నేనన్నానని చెప్పకండి, మీ మాటగా చెప్పండి, వింటుంది. నాయనమ్మ కంటి పొర తీయించడం ఎండలు ముదరకముందే అయిపోతే మంచిది. మీరు రైలు పార్సిలులో పంపిన బోల్టులు, నిప్పుకు ఆగే మట్టి, అమ్మ పెట్టిన గోంగూర పచ్చడి అన్నీ చేరాయి. జాడీ మూతికి కట్టిన గుడ్డ కూడా ఊడలేదు.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. పొయ్యి పగిలిపోయింది నాన్నగారూ. హాస్టలు మూసేశారు. ఈ రెండు మాటలూ కాగితం మీద పెట్టడానికి నాకు మూడు రోజులు పట్టింది. నేను బాగానే ఉన్నాను, మీరు దిగులు పెట్టుకోకండి.

పొయ్యి గురించి ఇంతవరకూ రాసినవన్నీ మీకు ఇనుము దుకాణం చిరునామాకే రాశాను. మీరు వాటిని గల్లాపెట్టె కింది అరలో దాచుకున్నారనీ, ఇంట్లో ఎవరికీ చూపలేదనీ తమ్ముడు రాశాడు. ఈ ఉత్తరం మాత్రం ఇంటికి తీసుకువెళ్ళి నాయనమ్మకు చదివి వినిపించండి. ఆమెకు తలా తోకా తెలియాలి కనుక మొదటి నుంచీ రాస్తాను. తెలిసిందే మళ్ళీ చదవాల్సి వచ్చిందని విసుక్కోకండి.

నాయనమ్మా, ఈ ఊరు మన గుంటూరులా ఉండదు. పడమట ఆకాశం సగందాకా నల్లమల కొండలే. మాఘం దాటేసరికే గాలి పొడిబారిపోయి పెదవులు చిట్లుతున్నాయి. సగిలేటిలో ఇసుక తప్ప ఏమీ లేదు. ఆడవాళ్ళు ఇసుకలో చెలమ తవ్వుకుని, నీరు ఊరేదాకా పక్కన కూర్చుని ఊళ్ళో సంగతులన్నీ మాట్లాడుకుని, బిందె నిండాక లేస్తారు. వరి అన్నం పండగనాడే. రోజూ జొన్నరొట్టె, కొర్రన్నం, ఊరిబిండి. ఊరిబిండి అంటే వేరుశనగ పప్పులు, మిరపకాయలు, చింతపండు కలిపి నూరేది. మొదటి నెల అది తిని ఏడ్చాను. ఇప్పుడు అది లేకపోతే రొట్టె గొంతు దిగదు. మాట్లాడేవాళ్ళకు కొదవ లేదు, అందరూ అమ్మా అనే పిలుస్తారు. నేను చదివిన పుస్తకం చదివిన మనిషి మాత్రం ఒక్కరూ లేరు. సాయంత్రం గుంటూరు వైపు వెళ్ళే రైలు చూడడానికి స్టేషను దాకా నడుస్తాను. ఎక్కను. చూసి వచ్చేస్తాను. స్టేషను మాస్టరు మొదట్లో “ఎవురన్నా వస్తాండారా అమ్మా?” అని అడిగేవాడు. ఇప్పుడు అడగడం మానేశాడు.

నేను పాఠాలు చెప్పే ఆడపిల్లల బడికి ఒక అద్దె ఇంట్లో చిన్న హాస్టలు ఉండేది. తొమ్మిది మంది పిల్లలు. కొమరోలు వైపు, రాచర్ల వైపు పల్లెల నుంచి వచ్చినవాళ్ళు. రోజూ నడిచి రాగలిగిన దూరాలు కావు. వాళ్ళను చూసుకోవడం కూడా నా పనే. హాస్టలు ఉంటే వాళ్ళకు బడి ఉంది, లేకపోతే లేదు.

వంటిల్లు ఆ ఇంటి వెనక గడ్డి కప్పిన పాక. వండేది ఎల్లమ్మ. గొర్రెలూ బర్రెలూ మేపుకునే ఇంటి మనిషి. మొగుడు పోయాక ఒక్క బర్రెను తోలుకుని ఈ ఊరు వచ్చింది. ముప్పై ఏళ్ళు పొగ తాగిన కళ్ళు, ఎప్పుడు చూసినా అప్పుడే ఏడ్చి లేచినట్టు ఎర్రగా ఉంటాయి. ఆ పొగంతా పిల్లలు పడుకునే గదిలోకే వచ్చేది. పుష్యమాసంలో నిప్పురవ్వ ఎగిరి కప్పు అంటుకుంది. బిందెలతో కొట్టి ఆర్పాం. వారం తిరక్కుండా ఇన్‌స్పెక్ట్రెస్ గారు కర్నూలు నుంచి వచ్చారు. (కర్నూలు రాజధాని అయ్యాక ఆఫీసులు డేరాల్లో నడుస్తున్నాయట. “మేమే గుడ్డ కింద ఉన్నాం, మిమ్మల్ని గడ్డి కింద ఉండొద్దని చెప్పడానికి వచ్చాను” అని నవ్వారు ఆవిడ.) కాలిన కప్పు చూసి నవ్వు ఆపేశారు. గడ్డి కింద నిప్పు ఉండకూడదు, పిల్లల గదిలోకి పొగ పోకూడదు అన్నారు. “మార్చిలో మళ్ళీ వస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే హాస్టలుకు సర్కారు ఇచ్చే సాయం ఆపేయమని రాస్తాను. రాయకుండా ఎలా ఉండను, మీరే చెప్పండి” అన్నారు.

బడి కమిటీకి పెద్దగా ఉన్నది రంగయ్య శెట్టిగారు, వేరుశనగ వ్యాపారం. ఆయన దగ్గరికి వెళితే “పొగ లేని ఇల్లు యాడుందమ్మా? ఉల్లిగడ్డలు కోసినా కండ్లు మండుతాయి. అట్లని ఇన్‌స్పెక్టరమ్మ ఉల్లిగడ్డలు మానేసిందా?” అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. కొత్త వంటిల్లు కట్టించే మాట వచ్చినప్పుడల్లా ఆయనకు హాస్యం పుట్టుకొస్తుంది, అంతే.

శెట్టిగారు పాత రైల్వే బంగళా ఒకటి వేలంలో కొన్నారు. దాని వెనక కొట్టంలో వేరుశనగ పొట్టు పోసి ఉంచారు. బడి బెంచీలకు చెక్కలేమైనా దొరుకుతాయేమోనని ఒకరోజు వెళితే ఆ పొట్టు గుట్టలో మోకాలికి గట్టిగా ఏదో తగిలింది. తవ్వి చూస్తే నడుమెత్తున ఇనుము. కాపలా మనిషి అది దొరల ఇనప్పెట్టె అన్నాడు, తాళంచెవి వాళ్ళే తీసుకుపోయారట. శెట్టిగారు రైలింజను ముక్క అన్నారు. నేను వేలికణుపుతో కొట్టాను. మోగలేదు, మొద్దుగా పలికింది. విరిగిన మూల చూశాను. బూడిద రంగు, ఉప్పురవ్వలాంటి గరుకు. బీడు! పోత ఇనుము! ఎనిమిదేళ్ళప్పుడు మీ దుకాణంలో నా చేతికి ఒక ముక్క ఇచ్చి మీరు చెప్పిన పాఠం అది. కాలేజీలో నాలుగేళ్ళు చెప్పినవేవీ ఇంత బాగా గుర్తులేవు.

పై పలకకు నాలుగు గుండ్రటి రంధ్రాలు, వాటికి ఒకదానిలో ఒకటి ఇమిడే చక్రాల మూతలు. ముందు వైపు మూడు తలుపులు. చిన్నది కట్టెలకు, దాని కింద బూడిదకు, పక్కన పెద్దది రొట్టెలు కాల్చుకునే గూటికి. పెద్ద తలుపు మీద ద్రాక్షతీగ, తీగ కింద ఉబ్బెత్తు అక్షరాలు. ఇటుక ముక్కతో రుద్దితే చేసినవాళ్ళ పేరు తుప్పు తినేసింది గాని గ్లాస్గో అన్న ఊరి పేరు తేలింది. కొండల్లో రైలుమార్గం వేసిన దొరలెవరో ఓడ మీద తెప్పించుకుని, ఇక్కడ వండుకు తిని, మోయలేక వదిలేసి పోయిన వంటపొయ్యి. వెనక పొగగొట్టానికి నోరు కూడా ఉంది. అది చూడగానే ఇన్‌స్పెక్ట్రెస్ గారి రెండు షరతులూ తీరిపోయాయనుకున్నాను. ఆ రోజే బొమ్మ గీసి మీకు ఉత్తరం రాశాను.

నాయనమ్మకు ఇది కూడా తెలియాలి. నేను మీ మాట కాదని ఈ ఉద్యోగానికి వచ్చాక మన మధ్య ఎనిమిది నెలలు ఉత్తరాల్లేవు. పొయ్యి బొమ్మకు మీరు తిరుగు టపాలో జవాబు రాశారు. కుశలప్రశ్న లేదు, ఆశీర్వాదం లేదు. “పై పలక మందం ఎంత? పగుళ్ళున్నాయా? తొందరపడి సుత్తి వేయవద్దు” అని మూడే ముక్కలు. ఆ కార్డును నేను ఎన్నిసార్లు చదివానో చెప్పను. ఆ తర్వాత వారానికొకటి వచ్చింది. తుప్పుకు ఏం పూయాలి, అతుకులు ఎలా కూరాలి, మొదటి మంట ఎంత వేయాలి. నాలుగో కార్డు చివర “భోజనం సరిగా చేస్తున్నావా” అని ఉంది. మనం మళ్ళీ మాట్లాడుకున్నది ఈ ఇనుము మీదుగానే.

మరమ్మతుకు ఓబులేసు మామ దొరికాడు. రైలింజన్ల దగ్గర ఫిట్టరు పని చేసి రిటైరయ్యాడు. ఊళ్ళో అందరికీ మామే. పొయ్యి చుట్టూ రెండుసార్లు తిరిగి, వంగి గొట్టం నోట్లోకి చూసి, “ఇంజనుకు చెల్లెలు గదమ్మా ఇది! నడవదు, అంతే తేడా” అన్నాడు. బండి మీద వేసి హాస్టలు వెనక వసారాకు చేర్చాం. దానికి నాపరాళ్ళ కప్పు, నిప్పుకు భయం లేదు. బిగుసుకుపోయిన బోల్టులకు కిరసనాయిలు గుడ్డలు చుట్టి నాలుగు రోజులు నానబెట్టాడు. ఆదివారాలు పిల్లలంతా తలా ఒక మూత పట్టుకుని ఇటుకపొడి, కొబ్బరిపీచు, బూడిదతో తోమారు. ద్రాక్షతీగ ఉన్న తలుపు చెన్నమ్మ ఎవరికీ ఇవ్వలేదు. ఎనిమిదో తరగతి పిల్ల, వాళ్ళది కూడా గొర్రెల కాపరుల ఇల్లే. తుప్పు రాలుతుంటే “టీచరమ్మా, దొరసాని గూడ కూడు మాడిస్తే మొగునితో తిట్లు తిన్యాదా?” అని అడిగింది. అందరం నవ్వాం. ఆ వసారాలో అంత నవ్వు అదే మొదలు, అదే ఆఖరు.

పై పలక మీద, మంట నేరుగా తగిలే చోట, రెండు వేళ్ళ పొడుగు పగులు ఉంది. ఓబులేసు మామ పగులు కొసన చిన్న రంధ్రం తొలిచాడు. “పగులు నడుచుకుంట పోతాది బిడ్డా. దాని ముందర బొక్క వేస్తే ఇంగ దానికి దోవ దొరకదు” అన్నాడు. దాని మీద ఇనప పట్టీ పెట్టి మీరు పంపిన బోల్టులతో బిగించాడు. అతుకులన్నీ మీ మట్టితో కూరి, పైనంతా ఆముదం రుద్దాం. రేకుపని ఆయన కిరసనాయిలు డబ్బాలు చుట్టి గొట్టం చేసిచ్చాడు, కిటికీలోంచి బయటికి పెట్టాం. మీరు రాసినట్టే మూడు రోజులు చిన్న మంటలు. మొదటి రోజు పిడకలు, రెండో రోజు పుల్లలు, మూడో రోజు సన్న కట్టెలు. పొగ కిటికీ అవతల, కంది చేను మీదుగా పోయింది. ఎల్లమ్మ బయటికి వెళ్ళి గొట్టం కొస చూసింది, లోపలికి వచ్చి పొయ్యి చూసింది, మళ్ళీ బయటికి వెళ్ళింది. “ఇన్నేండ్లూ ఇదంతా నా కండ్లలోకే వచ్చిందా తల్లీ?” అంది.

నా తప్పు ఎక్కడుందో ఇప్పుడు రాస్తాను. మీరు కార్డులో రాసిన జాగ్రత్తలన్నీ ఆరు వాక్యాలుగా చేసి, ఒక మార్కాపురం పలక మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, పొయ్యి పైన గోడకు తగిలించాను. ఆరోది “కాలిన ఇనుము మీద చన్నీళ్ళు పడరాదు”. ఎల్లమ్మకు చదవడం రాదు. నాకది తెలుసు. నోటితో కూడా చెప్పాను గాని కట్టెల సంగతి, బూడిద సంగతి, మూతల సంగతి చెప్పాను. నీళ్ళ సంగతి చెప్పాల్సిన అవసరం ఉందని నాకు తట్టలేదు. మండే పొయ్యి మీద నీళ్ళెవరు పోస్తారు?

ఇన్‌స్పెక్ట్రెస్ గారు రేపు వస్తారనగా, ఈరోజు పాలు పొంగించాలన్నారు శెట్టిగారు. పాలు పొంగకుండా కొత్త పొయ్యి మీద ఎసరు పెట్టరాదు. అందులో నాకూ అభ్యంతరం లేదు. పాలు ఎల్లమ్మ బర్రెవే. కొత్త ఇత్తడి గిన్నెకు పసుపు రాసి, తమలపాకు కట్టి పెట్టాం. మంట చిన్నదిగా పెడదామని నేనంటే శెట్టిగారు ఒప్పుకోలేదు. “ఇంత పొయ్యి పెట్టుకోని దీపమంత మంటేందమ్మా? నాలుగు పక్కలా పొంగాల. తూర్పుకు ముందర పొంగాల” అని తానే కట్టెలు తోశారు. పలక ఎర్రబడడానికి వచ్చింది. పాలు లేచాయి. పిల్లలు “పొంగె, పొంగె” అని చప్పట్లు కొట్టారు. శెట్టిగారు చేతులు జోడించారు. పాలు నాలుగు పక్కలా కారి, చక్రాల సందుల్లోంచి నిప్పుల్లోకి దిగి చుయ్యిమన్నాయి.

ఎల్లమ్మ ఒక్క అంగలో వచ్చి చెంబెడు నీళ్ళు పొయ్యి మీద కుమ్మరించింది.

నేను ఆ చప్పుడు మీకు రాసి వినిపించలేను. మీరు ఎప్పుడో ఒకసారి విని ఉంటారు. ఆవిరి తగ్గాక చూస్తే ఓబులేసు మామ తొలిచిన రంధ్రాన్ని దాటి పగులు పలకంతా పారి, ముందు వైపు కిందికి దిగింది. పట్టీ బోల్టులతో సహా లేచి నిలబడింది. అరచేయంత ముక్క నిప్పుల్లో పడింది.

ఎల్లమ్మ మీద అరిచాను నాన్నగారూ. మీరు నన్ను పెంచిన ఇంట్లో ఎవరూ అలా అరవరు. “నీకు బుద్ధుందా, ఎందుకు పోశావు?” అన్నాను. ఆమె నాకంటే గట్టిగా అరిచింది. “పాలు నిప్పుల పడితే బర్రె పొదుగు పగలదా? పాలిచ్చినదాని ఉసురు తగలదా? నీ ఇనుము పగిలిందని ఏడుస్తాండావు, నా బర్రె పొదుగు పగిలితే నువ్వు అతుకుతావా పంతులమ్మా?”

అప్పుడు తెలిసింది. గొర్రె, బర్రె మేపుకునేవాళ్ళ ఇళ్ళలో పొంగిన పాలు నిప్పులో పడ్డాయంటే ఆ క్షణమే నీళ్ళు చల్లుతారు. చల్లకపోతే పాలిచ్చిన పశువు పొదుగు మండి పగులుతుందని వాళ్ళ భయం. తరతరాలుగా మట్టిపొయ్యిల మీద అలా చల్లుతూనే ఉన్నారు. మట్టికి ఏమీ కాదు. శెట్టిగారింట్లో పాలు ఎంత కారితే అంత మంచిది, ఎల్లమ్మ ఇంట్లో ఒక్క చుక్క పడ్డా తప్పు. ఇద్దరూ ఒకే పొయ్యి ముందు నిలబడి ఉంటే మధ్యలో నేను చప్పట్లు కొడుతూ ఉన్నాను.

ఓబులేసు మామకు కబురు పెట్టాను. వచ్చి ముక్కను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, “బీడు అతకదమ్మా” అన్నాడు. మీరు కూడా అదే అంటారని తెలుసు. ఆ సాయంత్రమే బొక్కను రేకు ముక్కతో మూసి, మిగిలిన మట్టి మెత్తాం. తెల్లవారి ఇన్‌స్పెక్ట్రెస్ గారి ముందు వెలిగిస్తే పచ్చి మట్టి పగిలి, పొగంతా ఆవిడ ముఖం మీదికే వచ్చింది. ఆవిడ కోప్పడలేదు. కళ్ళు తుడుచుకుని, తీగ ఉన్న తలుపును చేత్తో తడిమి చూసి, “రాజ్యలక్ష్మిగారూ, ఇంత కష్టం ఎందుకు పడ్డారు? మీ మట్టిపొయ్యినే ఈ వసారాలోకి మార్చి, దానికో రేకుగొట్టం పెట్టి ఉంటే నేను ఒప్పుకునేదాన్ని కదా” అన్నారు.

నాన్నగారూ, మట్టిపొయ్యికి గొట్టం! ఒక్కరోజు పని. ఇనుము అమ్మే ఇంట్లో పుట్టినందుకు నాకు ఇనుమే కనబడింది. లేక, అందరూ చేసేది కాకుండా నేనొక్కదాన్నే చేసింది ఏదో ఒకటి చూపించాలన్న తహతహ నా కళ్ళకు అడ్డం వచ్చింది. అది నాకు మొదటి నుంచీ ఉన్న జబ్బే, మీరు ఎన్నిసార్లో చెప్పారు.

“ఇప్పుడు మారుస్తామండీ, నాలుగు రోజులు ఆగండి” అన్నాను. ఆవిడ కలం మూత తీశారు. “నేను చూసింది రాయాలి. చూడబోయేది రాయడానికి నాకు అధికారం లేదు” అని, కాగితం అక్కడే రాసి సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయారు. శెట్టిగారు బండి దాకా సాగనంపి వచ్చి, “మా వంతు మేం చేసినాం గదమ్మా. పాలు గూడ పొంగినాయి” అన్నారు.

సర్కారు సాయం లేకుండా హాస్టలు నడపలేమని కమిటీ పిల్లల ఇళ్ళకు కబురు పెట్టింది. వారంలో ఎనిమిది మంది వెళ్ళిపోయారు. ఒకరికి తాత, ఒకరికి అన్న, ఒకరికి మేనమామ వచ్చి తీసుకుపోయారు. రాచర్ల వైపు పిల్ల ఒకతె ఏడుస్తుంటే వాళ్ళ నాయన “ఇంగ చాల్లేమ్మా, ఉత్తరం చదవను వచ్చింది గదా, అంతకన్నా ఏం గావాల?” అని ట్రంకుపెట్టె భుజానికెత్తుకున్నాడు. ఆయన గొంతులో ప్రేమే ఉంది.

వాళ్ళంతా పోయిన మర్నాడు ఎల్లమ్మ ఎవరికీ చెప్పకుండా వసారాలో మట్టిపొయ్యి వేసింది. బీడు పొయ్యికి పెట్టిన గొట్టం ఊడదీసి దానికి తగిలించింది. పూట పట్టలేదు. పొగ జాడ లేదు. మేమిద్దరం దాన్ని చూస్తూ నిలబడ్డాం. ఆమె ఇప్పుడు నాతో మామూలుగానే మాట్లాడుతుంది. బర్రె బాగానే ఉంది.

నేనూ బాగానే ఉన్నాను. ఇది మూడోసారో నాలుగోసారో రాయడం, మీరు లెక్కపెడుతూ ఉంటారు.

మీరు వచ్చేయమంటారని తెలుసు. పాఠం చెప్పే పని ఈ బడి ఏడాది చివరిదాకా ఉంది, ఆపైన వేరే మనిషిని చూసుకుంటామన్నారు కమిటీవాళ్ళు. పరీక్షలవగానే వస్తాను. వచ్చాక మీరు ఏం చెప్పినా ఎదురాడే శక్తి నాకు మిగిలి ఉంటుందనుకోను. ఇక మీద మీకు దేని గురించి ఉత్తరం రాయాలో కూడా తెలియడం లేదు.

ఒక్క పని మాత్రం మీరు చేసిపెట్టాలి. తొమ్మిదో పిల్ల ఇంకా ఇక్కడే ఉంది. చెన్నమ్మ. ఆమెను తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. కోతలయ్యాక వాళ్ళ నాయన, అమ్మ గొర్రెల మందతో మీ వైపు వచ్చేశారు. ఊళ్ళో ఇంటికి తాళం. కార్డు రాద్దామని కలం తీస్తే ఆ పిల్ల ట్రంకుపెట్టె మీద కూర్చుని, “రాయొద్దు టీచరమ్మా. యాడికని రాస్తావు? మంద ఒకతావున ఉంటాదా? మా నాయనకు తెలిస్తే వచ్చి పిలుచుకోని పోతాడు. పోతే ఇంగ పంపడు” అంది. శెట్టిగారు “వాళ్ళ నాయన వచ్చేదాంక నీ కాడ ఉంచుకో” అన్నారు. ఇప్పుడు నా గదిలో, నా చాప మీద ఉంది. ఎల్లమ్మ ఇద్దరికీ రొట్టెలు చేస్తుంది.

పొన్నూరు రోడ్డు పక్క కోసిన పొలాల్లో ఈ వైపు నుంచి వచ్చే మందలు దిగుతాయి కదా. గొలుసులకూ గొడ్డళ్ళకూ ఆ కాపరులు మన దుకాణానికి వస్తూనే ఉంటారు. వాళ్ళలో చెన్నమ్మ నాయన, గురవయ్య అనే మనిషి ఉన్నాడేమో విచారించండి. కొమరోలు దగ్గర మనిషి, ఎడమ చెవికి పోగు, పొడగరి. వాళ్ళావిడ నెలలు నిండి బయలుదేరిందట. ప్రసవమైందా, తల్లి ఎలా ఉంది, అది కనుక్కుని రాయండి. పిల్ల పైకి అడగదు గాని ప్రతి ఉదయం టపా వచ్చే వేళకు గుమ్మంలో నిలబడుతోంది.

ఆయన కనబడితే, బిడ్డ బాగుంది, తింటోంది, చదువుకుంటోంది అని చెప్పండి. మూడూ నిజాలే. హాస్టలు మూసిన సంగతి ఆయన అడిగితే తప్ప మీరుగా చెప్పకండి. నెర్రెపడ్డ సామానును మంచిదని మీరు ఏనాడూ ఎవరికీ అమ్మలేదు, ఆ పని మీ చేత చేయించాలని నాకు లేదు. అడగనిది చెప్పవద్దని మాత్రమే అంటున్నాను. ఆయనకు తెలిసిన రోజున వస్తాడు, వస్తే నేను ఆపలేను, ఆపడానికి నాకు హక్కూ లేదు. తెలియకపోతే ఆమెకు ఈ ఒక్క తరగతి పూర్తవుతుంది. తొమ్మిది మందిలో ఒకరు, ఒక తరగతి. పరీక్షలకు ఇంకా ఐదు వారాలుంది.

నాయనమ్మ పాదాలకు, అమ్మకు నా నమస్కారాలు. తమ్ముడికి ముద్దులు, దుకాణంలో కూర్చున్నప్పుడు తూకం మీద కాలు పెట్టవద్దని చెప్పండి. పొరుగింటి పెద్దలకందరికీ నేను అడిగానని చెప్పండి. మీ ఆశీర్వాదం ఈసారి అడిగి పుచ్చుకుంటున్నాను, కార్డు మీద చోటు లేకపోతే మిగతావి మాని అదొక్కటీ రాయండి.

ఇట్లు,
మీ మాట వినని కూతురు,
రాజ్యలక్ష్మి.